రసాయనాల మధ్య పనిచేసేవారు కాలేయ కణాలను ఆహారంతో ఎలా కాపాడుకోవాలి

మన విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టే షెడ్డులో గాని, పరవాడ ఫార్మాసిటీలో రియాక్టర్ల దగ్గర గాని, ఓడ ట్యాంకు లోపలికి దిగి పెయింటు వేసే పనిలో గాని, కళాశాల ప్రయోగశాలలో గాని మీరు రోజూ కొన్ని గంటలు గడుపుతుంటే, ఈ వ్యాసం మీ కోసం రాసినది. ఇంట్లో అలాంటి పనికి వెళ్ళేవారికి క్యారేజీ కట్టి ఇచ్చేవారికి ఇది ఇంకా ఎక్కువగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఇందులో సగానికి పైగా వంటింట్లో చేయవలసిన పనులే ఉన్నాయి.

మా చిన్నాన్న ఇరవై ఏళ్ళకు పైగా ఒక పెయింటింగు షెడ్డులో పనిచేశారు. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు చేతులకు అంటిన రంగును థిన్నరుతో కడుక్కునేవారు, ఆ తరువాత ఒక గ్లాసు పాలు తాగి, అంతటితో లోపలి విషం విరిగిపోయిందని నమ్మేవారు. నేను అప్పటికే జీవరసాయన శాస్త్రం చదువుతున్నా, చేతులు కడుక్కునే ఆ పద్ధతి తప్పని ఆయనకు చెప్పాలన్న ఆలోచన నాకు చాలా కాలం రాలేదు. పాలు మంచి ఆహారమే, విషానికి విరుగుడని కొందరు తినే బెల్లమూ మంచిదే, కానీ ఈ రెండింటిలో ఏదీ చర్మం గుండా రక్తంలో కలిసిన ద్రావకాన్ని వెనక్కి లాగదు. "ఏం తింటే లివరు బాగుంటుంది?" అని నన్ను అడిగిన వారందరికీ నేను చెప్పేది ఒకటే: ఆహారం నిజంగా సహాయం చేస్తుంది, అయితే వరుసలో దాని చోటు మూడోది లేదా నాలుగోది. ఆ వరుసనే ఇక్కడ క్రమంగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు: కణాలు పెరగడం ఎప్పుడు మంచిది, ఎప్పుడు కాదు

కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉందని మీరు వినే ఉంటారు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసివేసినా మిగిలిన భాగం కొద్ది రోజుల్లోనే దాదాపు మునుపటి బరువుకు చేరుతుందని చూపించారు. మనుషుల్లో కూడా కాలేయంలో సగానికి పైగా దానం చేసిన దాతకు కొన్ని నెలల్లో ఆ పరిమాణం చాలావరకు తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలిసినవారు "లివరుకు ఏమీ కాదు, మళ్ళీ పెరుగుతుంది" అని ధైర్యంగా అంటుంటారు. ఆ ధైర్యమే నన్ను భయపెడుతుంది.

కత్తితో కోసినప్పుడు మిగిలిన కణాలు ఆరోగ్యంగా ఉంటాయి, అవి కొద్దిసార్లు విభజన చెంది, లోటు పూడగానే ఆగిపోతాయి. రసాయనం వల్ల జరిగేది వేరు. పాతకాలంలో బట్టల డ్రైక్లీనింగుకు వాడిన కార్బన్ టెట్రాక్లోరైడును తీసుకోండి. అది కాలేయ కణంలోకి చేరాక అక్కడి సైటోక్రోమ్ పి450 ఎంజైములు, ముఖ్యంగా సీవైపీ2ఈ1 అనేది, దానిని విడగొట్టి ఒక ఫ్రీ రాడికల్‌గా, అంటే పక్కనున్న అణువులతో వెంటనే చర్య జరిపే అస్థిరమైన ముక్కగా మారుస్తాయి. ఆ ఫ్రీ రాడికల్ కణపు పొరలోని కొవ్వును ఒకదాని తరువాత ఒకటిగా ఆక్సీకరణం చేస్తూ పోతుంది. ఈ ఎంజైములు ఎక్కువగా ఉండే చోటు, అంటే కాలేయ ఖండికల్లో కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలు ముందుగా చనిపోతాయి. చుట్టుపక్కల బతికిన కణాలు ఆ ఖాళీని పూడ్చడానికి విభజన మొదలుపెడతాయి. ఒకసారి జరిగితే ఇది బాగుపడడమే. అదే దెబ్బ వారానికి రెండుసార్లు చొప్పున వారాల తరబడి తగిలితే, ప్రయోగశాల ఎలుకల్లో మనం చూసేది పీచు కణజాలం పేరుకొని కాలేయం గట్టిపడడం.

అంతకంటే లోతైన ప్రమాదం ఇంకొకటి ఉంది. కణం విభజన చెందే ముందు తన డీఎన్ఏను నకలు తీసుకుంటుంది. ఆ డీఎన్ఏకు అప్పటికే రసాయనం అంటుకుని ఉంటే, మరమ్మతు జరిగే లోపే నకలు జరిగిపోతే, ఆ లోపం శాశ్వతంగా మార్పుగా మిగులుతుంది. అందుచేత మళ్ళీ మళ్ళీ చావు, మళ్ళీ మళ్ళీ పెరుగుదల అనే చక్రమే కాలేయ క్యాన్సరుకు దారి తీసే మార్గాల్లో ఒకటి. కాబట్టి మీ లక్ష్యం కాలేయ కణాలను పెంచడం అనుకోవద్దు. అవి పదేపదే పెరగవలసిన అవసరం రాకుండా చూడడమే మీ లక్ష్యం. ఈ వ్యాసంలోని ప్రతి సలహాకూ మూలం ఈ ఒక్క వాక్యమే.

యాంటీఆక్సిడెంట్లు, అంటే ఇలాంటి ఆక్సీకరణాన్ని అడ్డుకునే పదార్థాలు, ఇక్కడ ఎక్కడ వస్తాయంటే, కణానికి సొంతంగా ఉన్న రక్షణలో గ్లూటాథయోన్ అనే చిన్న అణువు అన్నిటికంటే ముఖ్యమైనది. అది ఫ్రీ రాడికల్స్‌ను ఆర్పడమే కాక, అనేక విష పదార్థాలకు తానే అతుక్కుని వాటిని నీటిలో కరిగేలా చేసి బయటికి పంపుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసిన స్టైరీన్‌నే చూడండి. అది శరీరంలో స్టైరీన్ ఆక్సైడుగా మారుతుంది, ఈ ఆక్సైడు డీఎన్ఏతో చర్య జరపగలదు, దానిని నిర్వీర్యం చేసే దారుల్లో గ్లూటాథయోన్ ఒకటి. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు కూడా జరిగేది ఇదే: గ్లూటాథయోన్ నిల్వ అయిపోయిన క్షణం నుంచి కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఆసుపత్రిలో అప్పుడు ఇచ్చే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ చేసే ప్రధానమైన పని ఆ నిల్వను తిరిగి నింపడమే.

మొదటి అడుగు: మీకు తగులుతున్నది ఏమిటో కాగితం మీద రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని, మీరు వారంలో తాకే, పీల్చే ప్రతి రసాయనం పేరు రాయండి. డబ్బా మీది బ్రాండు పేరు సరిపోదు, లోపల ఉన్నదేమిటో కావాలి. ప్రతి రసాయనానికీ తయారీదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రం ఉంటుంది, దానిని ఎంఎస్‌డీఎస్ లేదా ఎస్‌డీఎస్ అంటారు. సూపర్‌వైజరును అడిగి దానిలోని కాలేయానికి సంబంధించిన మాటలను, చర్మం ద్వారా ఇంకుతుందా లేదా అన్న మాటను చదివి గుర్తు పెట్టుకోండి. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణల నాటి నుంచి, ప్రమాదకరమైన పనుల్లో ఉన్న కార్మికులకు ఈ సమాచారాన్ని, తమ ఆరోగ్య పరీక్షల రికార్డులను తెలుసుకునే హక్కు ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

ఫార్మా పనిలో ఉన్నవారు డైమిథైల్ ఫార్మమైడు, అంటే డీఎంఎఫ్ పేరును ప్రత్యేకంగా వెతకండి. ఇది కాలేయానికి హాని చేస్తుందని చాలాకాలంగా తెలిసిన ద్రావకం, చర్మం గుండా సులువుగా ఇంకుతుంది. దీనితో పనిచేసినవారు ఆ రోజు గాని, తరువాతి రోజుల్లో గాని మద్యం తాగితే ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కడం ఒక గుర్తు. అలా ఎవరికైనా జరిగితే అది మద్యం పడకపోవడం అని నవ్వి వదిలేయవద్దు, రసాయనం ఒంట్లోకి చేరుతోందని అర్థం చేసుకోండి. మామూలు రబ్బరు పాలతో చేసిన పల్చని చేతి తొడుగులు డీఎంఎఫ్‌ను ఆపవు, బ్యూటైల్ రబ్బరు తొడుగులు కావాలి. అలాగే గుడ్డ మాస్కు గాని, ధూళిని ఆపే ఎన్95 గాని ద్రావకం ఆవిరిని ఆపలేదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న కార్ట్రిడ్జి మాస్కు వాడాలి, కార్ట్రిడ్జిని గడువు ప్రకారం మార్చాలి.

చేతులను థిన్నరుతో గాని, కిరోసిన్‌తో గాని కడగవద్దు. కొద్దిగా వంటనూనె రాసి, రంగు వదులయ్యాక సబ్బుతో రుద్ది కడగండి. ఇందుకు మరో ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలు పెట్టదగినవే. పనిచేసే చోట టీ తాగవద్దు, క్యారేజీ అక్కడ తెరవవద్దు. పని బట్టలను ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి ఉతకవద్దు.

రెండో అడుగు: ఇప్పుడు మీ కాలేయం ఎక్కడ ఉందో తెలుసుకోండి

ఆహారం మార్చే ముందు ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్టు చేయించుకోండి. కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, మీకు దగ్గరి ల్యాబులోనైనా ఇది మామూలుగా జరిగే పరీక్షే. రిపోర్టులో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, జీజీటీ, బిలిరుబిన్, ఆల్బుమిన్ అనే వరుసలు చూడండి. మొదటి రెండూ దెబ్బతిన్న కణాల నుంచి రక్తంలోకి కారే ఎంజైములు. ఎస్‌జీఓటీ కండరాల్లో కూడా ఉంటుంది కాబట్టి, బాగా బరువులు మోసిన మర్నాడు పరీక్ష చేయిస్తే కాలేయంలో ఏ లోపమూ లేకుండానే అది పెరిగి కనిపించవచ్చు.

ఇక్కడ ఎవరూ చెప్పని ఒక చిన్న విషయం ఉంది. ఎస్‌జీపీటీ రక్తంలో సుమారు రెండు రోజులకు సగానికి తగ్గుతుంది. అంటే నాలుగు రోజుల సెలవు తరువాత చేయించిన పరీక్ష, పని వారం చివర చేయించిన పరీక్ష ఒకే మనిషికి వేర్వేరు అంకెలు చూపించవచ్చు. అందుచేత ప్రతిసారీ పని వారంలో ఒకే రోజున, ఒకే ల్యాబులో చేయించి, అంకెలను తేదీతో సహా అదే నోటుబుక్కులో రాసుకోండి. ఒక్క అంకె చెప్పేదానికంటే మూడు నాలుగు అంకెల వరుస చెప్పేది ఎక్కువ.

మొదటి పరీక్షతో పాటు హెపటైటిస్ బి, సి ఉన్నాయేమో చూపించుకోండి. బి లేకపోతే టీకా మూడు డోసులు, అంటే మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు వేయించుకోండి. యాంటీఆక్సిడెంట్ల గురించిన వ్యాసంలో టీకా ఎందుకని మీరు అనుకోవచ్చు. హెపటైటిస్ బి కూడా కణాలను చంపి, తిరిగి పెరిగేలా చేసే జబ్బే, రసాయనంతో కలిస్తే ఆ చక్రం మరింత వేగంగా తిరుగుతుంది. ఉసిరికాయ చేయలేని పనిని ఆ టీకా చేస్తుంది.

మూడో అడుగు: వంటింట్లోంచి, అలవాట్లలోంచి తీసేయవలసినవి

ముందుగా మద్యం. దీనిని నీతి విషయంగా నేను చెప్పడం లేదు, ఎంజైము విషయంగా చెబుతున్నాను. రోజూ తాగేవారి కాలేయంలో సీవైపీ2ఈ1 ఎంజైము పెరుగుతుంది. పైన చెప్పిన కార్బన్ టెట్రాక్లోరైడును, పారాసిటమాల్‌ను విషంగా మార్చేది ఇదే, స్టైరీన్‌ను మార్చేవాటిలో కూడా ఇది ఒకటి. అంటే మద్యం తాగి షిఫ్టుకు వెళ్ళే మనిషి, అదే గాలిని పీల్చే పక్కవాడి కంటే ఎక్కువ విషాన్ని తన కాలేయంలో తానే తయారుచేసుకునే ప్రమాదం ఉంది. పైగా దీర్ఘకాలం తాగడం గ్లూటాథయోన్ నిల్వలను కూడా తగ్గిస్తుంది. ద్రావకాలతో పనిచేసేవారికి "కొంచెం తాగితే పరవాలేదు" అనే హద్దును నేను చెప్పను.

ఒళ్ళు నొప్పులకు పారాసిటమాల్ వేసుకునే అలవాటుంటే, పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదన్న హద్దు ఆరోగ్యవంతుల కోసం పెట్టినదని గుర్తుంచుకోండి. మద్యం అలవాటున్నవారు, సరిగా తినకుండా ఉన్నవారు అంతకు చాలా తక్కువలో ఆగాలి, వైద్యుణ్ణి అడిగి వాడాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి లెక్కపెట్టండి.

తరువాతిది వేరుశనగ. సముద్రపు తేమ ఉన్న మన ఊళ్ళో పప్పులకు బూజు త్వరగా పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ బి1, కాలేయ క్యాన్సరు కారకాల్లో అతి బలమైన వాటిలో ఒకటి. అది మామూలు వేయింపుకు పూర్తిగా నశించదు. కాబట్టి కొనుక్కొచ్చిన వేరుశనగ గుళ్ళను పళ్ళెంలో పోసి, ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలి నల్లబడినవి, బూజు కనిపించినవి ఏరి పారేయండి. నోట్లో వేసుకున్న గుండు చేదుగా తగిలితే మింగకండి, ఉమ్మేయండి. మిగిలినవాటిని ఎండబెట్టి గాలి చొరని సీసాలో పెట్టి, నెలలోపు వాడుకోండి. బీచ్‌రోడ్డులో మురీ మిక్చర్ తినడం మానేయమని నేను చెప్పను, మన ఊరి సాయంత్రం అది. కానీ పల్లీ చేదుగా ఉంటే ఆ పొట్లం మాత్రం పారేయండి. మొక్కజొన్న, ఎండుమిర్చి, కొబ్బరి కురిడీల విషయంలో కూడా ఇదే జాగ్రత్త.

మళ్ళీ మళ్ళీ కాచిన నూనెను వదిలేయండి. నూనెలో మొత్తం పోలార్ పదార్థాలు (కాగేకొద్దీ నూనె చెడి పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమలులో ఉంది. ఇంట్లో దానిని కొలవలేం, అయితే నూనె చిక్కబడి, నల్లబడి, త్వరగా పొగ వస్తోందంటే దాని కాలం అయిపోయినట్టే. ఆక్సీకరణం చెందిన కొవ్వును తింటూ యాంటీఆక్సిడెంట్ల కోసం వెతకడంలో అర్థం లేదు.

నాలుగో అడుగు: పళ్ళెం

చాలామంది యాంటీఆక్సిడెంట్ అనగానే పండ్లు, రంగులు అనుకుంటారు. నేను పప్పు దగ్గర మొదలుపెడతాను. గ్లూటాథయోన్‌ను కణం మూడు అమైనో ఆమ్లాలతో తయారుచేసుకుంటుంది, వాటిలో తరచుగా కొరత పడేది సిస్టీన్. అది మాంసకృత్తుల నుంచి రావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పెద్ద పళ్ళెం నిండా అన్నం, దాని మీద పల్చని చారు, ఒక ఆవకాయ ముక్క ఉన్న క్యారేజీ ఆ లెక్కకు అందదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో సుమారు 7 గ్రాములు ఉంటాయి. చేపలు తినేవారికి మన ఫిషింగ్ హార్బరు దగ్గర దొరికే కవళ్ళు చౌకైనవి, వాటిలో మాంసకృత్తులతో పాటు సెలీనియం కూడా ఉంటుంది. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైముకు ఆ సెలీనియం కావాలి. చేపలు తినని ఇంట్లో పప్పు, పెరుగు, సెనగలు, ఉలవచారు ఆ పని చేస్తాయి.

ఖాళీ కడుపుతో షిఫ్టుకు వెళ్ళవద్దు. ఉపవాసంలో గ్లూటాథయోన్ నిల్వలు తగ్గుతాయి, ఆ సమయంలోనే రసాయనం తగిలితే రక్షణ బలహీనంగా ఉంటుంది. తెల్లవారుజామున బయలుదేరే వారు కనీసం చోడి (రాగి) అంబలిలో మజ్జిగ కలిపి తాగి, ఒక ఉడికించిన గుడ్డు తిని వెళ్ళండి. చోళ్ళ పొట్టులో పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు బాగా ఉంటాయి కాబట్టి పిండిని జల్లించకుండా వాడితే మంచిది.

రెండోది గంధకం ఉన్న కూరలు. క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవ ఆకులు, మునగాకు నలిగినప్పుడు ఐసోథయోసయనేట్లు అనే పదార్థాలు పుడతాయి. బ్రకోలీలోని సల్ఫోరాఫేన్‌ను 1992లో పాల్ టలలే బృందం వేరుచేసి, అది కణపు సొంత రక్షణ ఎంజైములను మేల్కొల్పుతుందని చూపింది. దీని పద్ధతి నాకు చాలా నచ్చుతుంది: ఇది తానే ఫ్రీ రాడికల్‌ను ఆర్పడానికి పోటీపడదు, ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీను ద్వారా కణాన్నే ఎక్కువ గ్లూటాథయోన్ తయారుచేసుకోమంటుంది. అయితే క్యాబేజీ వంటి కూరల్లో ఆ పదార్థాన్ని పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది. అందుచేత క్యాబేజీని సన్నగా తరిగి వెంటనే పోపులో వేయకుండా అరగంటపాటు పక్కన పెట్టండి. ఈలోగా పప్పు ఉడికించుకోవచ్చు. తరువాత తక్కువ నీటితో, తక్కువ సేపు వండండి. మునగాకును నీళ్ళలో ఎక్కువసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోయడం మంచిది కాదు, పప్పులో వేసి ఆ నీటితో సహా తినండి. ఉల్లి, వెల్లుల్లి కూడా గంధకం ఉన్నవే, వెల్లుల్లిని నలిపి పది నిమిషాలు ఆగి వాడండి.

మూడోది సి విటమిన్. దానికి విలువైన పని ఇంకొకటి ఉంది: కడుపులో నైట్రైట్లు, అమైన్లు కలిసి నైట్రోసమైన్లుగా మారకుండా అది అడ్డుపడుతుంది. ప్రయోగశాలల్లో ఎలుకలకు కాలేయ క్యాన్సరు తెప్పించడానికి వాడే డైఇథైల్ నైట్రోసమైను ఈ కుటుంబానికి చెందినదే. ఎండు చేపల కూర తిన్న భోజనంలోనే నిమ్మకాయ పిండిన పచ్చి ఉల్లిపాయ, లేదా ఒక జామకాయ ఉండేలా చూసుకోవడం అందుకే మంచిది. మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాములు సిఫారసు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అంటే ఎంవీపీ కాలనీ రైతు బజారులో కొన్న ఒక మోస్తరు జామకాయతో ఆ రోజు లెక్క తీరిపోతుంది. దీనికోసం మాత్ర కొనవలసిన పని లేదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. టమాటాలోని లైకోపీన్, ఆకుకూరల్లోని కెరోటినాయిడ్లు కొద్దిగా నూనెతో వండినప్పుడు బాగా ఒంటబడతాయి. వేసవి చివర్లో, వానల మొదట్లో దొరికే నేరేడు పళ్ళు, గోంగూర, బచ్చలి, ఎర్ర తోటకూర మారుస్తూ తినండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కిలో క్యాలరీల పళ్ళెంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంటుంది. ఒకసారి వంటింటి తక్కెడలో 400 గ్రాములు తూచి చూడండి, మనం రోజూ తినేది ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది. పసుపును కూరలో మిరియాలతో, నూనెతో కలిపి వాడండి. మిరియాల్లోని పైపరిన్ పసుపులోని కర్కుమిన్ ఒంటబట్టడాన్ని పెంచుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు, మన మిరియాల చారు ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది. కాఫీ అలవాటున్నవారు మానవలసిన పని లేదు. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయం గట్టిపడడం, కాలేయ క్యాన్సరు తక్కువగా కనిపించాయని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. మనకు అరకు కాఫీ ఉంది, చక్కెర మాత్రం తగ్గించండి.

ఐదో అడుగు: మాత్రలు, పొడులు, "డిటాక్స్" సీసాలు

ఈ భాగాన్ని దయచేసి తొందరపడకుండా చదవండి. యాంటీఆక్సిడెంట్ మంచిదైతే ఎక్కువ యాంటీఆక్సిడెంట్ ఇంకా మంచిదన్న ఊహను పెద్ద ప్రయోగాలు పరీక్షించాయి. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవారికి బీటా కెరోటిన్, ఇ విటమిన్ ఇచ్చి చూస్తే, 1994లో వెలువడిన ఫలితాల్లో బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతం ఎక్కువగా వచ్చింది. రసాయనాలకు గురవుతున్నవారికి ఈ ఫలితం సరిగ్గా వర్తించే హెచ్చరిక, ఎందుకంటే పొగ కూడా రసాయనాల మిశ్రమమే. దారి తప్పిన కణం కూడా తనను తాను కాపాడుకోవడానికి అవే యాంటీఆక్సిడెంట్లను వాడుకుంటుంది. మంచి కణానికి, చెడిపోయిన కణానికి తేడా మాత్రకు తెలియదు.

ఎలుకల మీద జరిగిన ప్రయోగాలను చూపించి అమ్మేవారు ఉంటారు. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో యాంటీఆక్సిడెంటును విషానికి ముందే, రోజుల తరబడి, శరీర బరువుతో పోలిస్తే చాలా పెద్ద మోతాదులో ఇస్తారు. అలా ఇచ్చినప్పుడు కణాల చావు తగ్గడం, దాంతో విభజన తగ్గడం నిజమే, నేనూ సూక్ష్మదర్శినిలో చూశాను. మన జీవితంలో వరుస తలకిందులుగా ఉంటుంది: విషం ఏళ్ళ తరబడి ముందు తగులుతుంది, సీసా తరువాత కొంటాం. అంతేగాక ఆహారం పాడవకుండా కలిపే బీహెచ్‌టీ వంటి కృత్రిమ యాంటీఆక్సిడెంట్లు, క్యాన్సరు కారకానికి ముందు ఇస్తే రక్షణగా, తరువాత ఇస్తే కొన్ని ప్రయోగాల్లో గడ్డల పెరుగుదలకు తోడుగా పనిచేశాయి. ఎప్పుడు ఇచ్చామన్నదే ఫలితాన్ని తిప్పేసింది.

సహజమైనవన్న నమ్మకంతో వాడే వాటిలో కూడా కాలేయానికి హాని నమోదైంది. కర్కుమిన్ గాఢంగా ఉన్న పసుపు క్యాప్సూళ్ళు, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి, కొందరిలో తీవ్రమైన కాలేయ వాపు తెచ్చాయి. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఈ ప్రమాదం లేదు. గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ అనే యాంటీఆక్సిడెంటును రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరగడాన్ని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ గుర్తించింది. కరోనా కాలంలో తిప్పతీగ రసం, పొడి విపరీతంగా వాడినవారిలో కాలేయ వాపు కేసులను మన దేశ వైద్యులే ప్రచురించారు. ఐరన్ మాత్రలు కూడా రక్తహీనత ఉందని పరీక్షలో తేలితేనే వాడండి, ఎందుకంటే కణంలో అదనంగా పోగైన ఇనుము ఫ్రీ రాడికల్స్ పుట్టడానికి తోడ్పడుతుంది.

వైద్యుడు కారణంతో రాసినది వేరు. మధుమేహం లేని, కొవ్వు కాలేయం వాపుగా మారిన కొందరికి ఇ విటమిన్ మేలు చేసిందని 2010లో ప్రచురితమైన ప్రయోగం ఉంది. అయితే అది బయాప్సీతో నిర్ధారించి, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చినది, మందుల షాపులో అడిగి కొనుక్కున్నది కాదు. మీరు ఇప్పటికే ఏదైనా పొడి, కషాయం, బాడీబిల్డింగు డబ్బా వాడుతుంటే దానిని తీసుకెళ్ళి వైద్యుడి బల్ల మీద పెట్టండి. నాటు మందు అని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు, ఆ సిగ్గు వల్ల అసలు కారణం నెలల తరబడి బయటపడదు.

ఆరో అడుగు: తిరిగి చూసుకోవడం

మార్పులు మొదలుపెట్టిన మూడు నెలలకు పరీక్ష మళ్ళీ చేయించండి, పని వారంలో అదే రోజున. అంకెలు తగ్గితే అందుకు కారణం జామకాయా, బ్యూటైల్ తొడుగులా అన్నది తేల్చడం కష్టం. తేల్చనవసరం కూడా లేదు, రెండూ కొనసాగించండి. తగ్గకపోతే కొన్ని రోజుల సెలవు తరువాత మరొకసారి చేయించండి. పనికి దూరంగా ఉన్నప్పుడు తగ్గి, తిరిగి పనిలో చేరాక పెరిగితే, మీ నోటుబుక్కులోని రసాయనాల జాబితా, రెండు రిపోర్టులు కలిపి పట్టుకుని వృత్తి వ్యాధులు తెలిసిన వైద్యుణ్ణి గాని, కాలేయ నిపుణుణ్ణి గాని కలవండి. అప్పుడు మార్చవలసింది పని చోటు, గాలి వెళ్ళే దారి, మాస్కు. క్యారేజీలో ఇంకో కూర చేర్చి ఊరుకోవద్దు.

కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, మలం సున్నంలా పాలిపోయినా, రాత్రిళ్ళు ఒళ్ళంతా దురద పెట్టినా, పొట్ట ఉబ్బి కాళ్ళకు నీరు చేరినా, పగలు మత్తుగా ఉండి మాట తడబడినా, మూడు నెలల గడువు కోసం ఆగకండి. పసరు మందు కోసం ఊరికి వెళ్ళి వారం పోగొట్టుకోవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, ఏ రసాయనంతో పనిచేస్తున్నారో మొదటి మాటగా చెప్పండి, ఎంఎస్‌డీఎస్ ఫొటో ఫోనులో ఉంటే చూపించండి.